నమూనా రైలుమార్గముపై గూడ్సుబండి - షంటింగు

తిరునాళ్లలో అమ్ము రేకు రైలుబండిని మీరందరును చూచియే యుందురు. తాళము త్రిప్పి విడిచినచో అది గుండ్రముగ పరచిన పట్టాలపై గిరగిర తిరుగును. నాలుగు చుట్లు తిరుగువరకు పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఐదవ చుట్టునకు వారి చూపు మరియొక వైపునకు మరలును. బండి చక్కగనే తిరుగుచున్నది గదా, విసుగేల? ఆ బండికి బయలుదేరు చోటు లేదు; చేరవలసిన ఊరు లేదు; మోయవలసిన సరకు లేదు. పని లేని నడక ఎంత వేగముగ సాగినను చూచువారికి రుచింపదు.

ఈ లోపమును గుర్తించి, చిన్న రైలునకును ఒక పనిని కల్పించినవారు కలరు. వారు బల్లపై పరచిన పట్టాలమీద గూడ్సుబండిని నడిపి, అందలి ప్రతి వ్యాగనును చేరవలసిన చోటికే చేర్చుదురు. ఆ పని ఎట్లు జరుగునో, అందు బుద్ధికి కలుగు శ్రమ యెట్టిదో, రూపాయి ఖర్చు లేకుండ మీరును దానిని ఎట్లు చేసి చూడవచ్చునో ఈ వ్యాసమున వివరింతును.

నమూనా రైలుమార్గ మనగా నేమి?

బొమ్మకును నమూనాకును భేదము కలదు. బొమ్మ చూచుటకు రైలువలె నుండిన చాలును. నమూనా అట్లు కాదు. అసలు బండిని కొలిచి, ప్రతి భాగమును ఒకే నిష్పత్తిలో తగ్గించి చేయవలెను. నేడు లోకమున మిక్కిలి వ్యాప్తిలోనున్న నిష్పత్తి 1:87. దీనిని హెచ్.ఓ. కొలత యందురు. అనగా అసలు బండిలోని 87 అంగుళములు నమూనాలో ఒక్క అంగుళ మగును. అమెరికాలోను, ఐరోపాలోని పెక్కు దేశములలోను రెండు పట్టాల నడుమ ఎడము 1,435 మిల్లీమీటర్లు. దీనిని 87 చేత భాగించి చూడుడు, 16.5 మిల్లీమీటర్లు వచ్చును. హెచ్.ఓ. పట్టాల ఎడము సరిగా అంతయే. 40 అడుగుల పెట్టె వ్యాగను ఈ కొలతలో 14 సెంటీమీటర్ల పొడవున, అనగా క్రొత్త పెన్సిలుకంటె కొంచెము పొట్టిగ నుండును. ఇంతకంటె చిన్నది ఎన్ కొలత; దాని నిష్పత్తి 1:160.

ఒకరు చేసిన వ్యాగను మరియొకరి పట్టాలపై నడువవలెనన్న చక్రములకును పట్టాలకును ఉమ్మడి ప్రమాణములు కావలెను. ఇట్టి ప్రమాణములను నిర్ణయించుటకే అమెరికాలో 1935లో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ అను సంఘము స్థాపింపబడెను.

ఇంజనునకు శక్తి విద్యుత్తు. పాత పద్ధతిలో 12 వోల్టుల విద్యుత్తు పట్టాలగుండ ప్రవహించి చక్రములద్వారా ఇంజనులోని చిన్న మోటారునకు చేరును. ధన ఋణ ధ్రువములను తారుమారు చేసినచో ఇంజను వెనుకకు నడచును. క్రొత్త పద్ధతిలో ప్రతి ఇంజనులోను ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరముండి, తన సంఖ్యకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటించును. అందుచేత ఒకే పట్టాపై రెండు ఇంజన్లను ఇద్దరు వేరువేరుగ నడుపవచ్చును.

చిన్న రైలునకు పెద్ద పని

ఈ విద్యకు తొలిరోజులలో ఉత్సాహవంతుల శ్రద్ధ యంతయు ఇంజన్లను అందముగ చేయుటపైననే యుండెడిది. 1940ల దశకమున న్యూ ఆర్లియన్సు నగరమునకు చెందిన ఫ్రాంక్ ఎల్లిసన్ అనునతడు తన వ్యాసములద్వారా ఒక క్రొత్త దృష్టిని ప్రచారము చేసెను. ఆతని నమూనా పేరు డెల్టా లైన్స్. రైలుమార్గ మొక నాటకరంగము వంటిదనియు, బండ్లు అందలి పాత్రధారులనియు ఆతడు భావించెను. పాత్రధారి ఊరక రంగముపై నిలిచిన నాటకము కాదు గదా! పాత్రకు ఒక ఉద్దేశ్యము, దానికి ఒక అడ్డంకి, ఆ అడ్డంకిని దాటు ప్రయత్నము కావలెను. బండికి ఆ ఉద్దేశ్యమును ఇచ్చునది సరకు.

ప్రయాణికుల బండి ఊరినుండి ఊరికి పోవును. దాని పెట్టెలు ఒక వరుసలోనే యుండును. గూడ్సుబండి యట్లు కాదు. ప్రతి స్టేషనులోను కొన్ని వ్యాగన్లు విడిపోవును, కొన్ని క్రొత్తవి చేరును. ఒక వ్యాగను పిండిమిల్లునకు, ఒకటి కలప అడితికి, మరియొకటి నూనె డిపోనకు పోవలెను. వీనిని విడదీయుట, కలుపుట, వరుస మార్చుట అను పనులను మన దేశమున షంటింగు అందురు. అమెరికావారు స్విచింగు అందురు. నమూనా రైలుమార్గమున నిజమైన ఆట ఈ షంటింగునందే కలదు.

వ్యాగనునకొక చీటి

ఏ వ్యాగను ఎచ్చటికి పోవలెనో ఎట్లు తెలియును? అసలు రైల్వేలో సరకును అప్పగించినవానికి రైల్వే రసీదు ఇత్తురు. సరకుతోపాటు ప్రయాణించు కాగితములలో పంపువారెవరు, పుచ్చుకొనువారెవరు, సరకేది, చేరవలసిన స్టేషనేది అను వివరము లుండును. నమూనాలోను ఇట్టి ఏర్పాటే కలదు. ప్రతి వ్యాగనునకు ఒక అట్టముక్క యుండును. దానిపై వ్యాగను సంఖ్య, రకము వ్రాసి, క్రిందిభాగమును చిన్న జేబువలె మడతురు. ఆ జేబులో ఒక చీటి యుంచుదురు.

ఆ చీటికి నాలుగు ముఖములు. ఒకసారికి ఒక ముఖమే పైకి కనబడును. మొదటి ముఖమున "ఖాళీగ కోతమిల్లునకు" అని యుండును. పనిచేయువారు వ్యాగనును అచ్చటికి చేర్చుదురు. ఆనాటి ఆట ముగిసిన తరువాత యజమాని చీటిని త్రిప్పును. రెండవ ముఖమున "కలపతో కుర్చీల కర్మాగారమునకు" అని యుండును. మూడవ ముఖమున "ఖాళీగ పిండిమిల్లునకు", నాలుగవ ముఖమున "పిండితో రేవు గిడ్డంగికి" అని యుండును. పిమ్మట మరల మొదటిదే. ఇట్లు ఒక్క చిన్న చీటిచేత ఆ వ్యాగనునకు నిరంతరముగ పని దొరకును. దానిని చూచువానికి అది రంగు వేసిన పెట్టెగా కాక, ఎవరో ఎదురుచూచుచున్న సరకుగా తోచును.

ఎదురు పాయింటు - వెనుక పాయింటు

షంటింగు చేయువాడు మొట్టమొదట గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. ఇంజను వ్యాగనును లాగగలదు, నెట్టగలదు; కాని దానిని దాటిపోజాలదు. ప్రక్కదారి యున్నప్పుడే తప్పుకొనగలదు. షంటింగునందలి చిక్కులన్నియు ఈ యొక్క సత్యమునుండియే పుట్టుచున్నవి.

దారి రెండుగ చీలు చోటును పాయింటు అందురు. ఒక కొస మూసియున్న ప్రక్కదారి సైడింగు. మన గూడ్సుబండి తూర్పునకు పోవుచున్నదనియు, ఇంజను వెనుకనే యున్న వ్యాగనును ఒక కర్మాగారపు సైడింగులో విడువవలెననియు అనుకొనుడు.

ఆ సైడింగు పడమటివైపునకు మళ్లియున్నచో పని సులభము. బండిని పాయింటునకు ఇవతలనే నిలిపి, మన వ్యాగను వెనుక కొక్కెమును విడదీయవలెను. ఇంజను ఆ యొక్క వ్యాగనుతో పాయింటును దాటి ముందునకు పోవును. అప్పుడు పాయింటును మార్చి, వ్యాగనును వెనుకకు నెట్టి సైడింగులో నిలుపవలెను. ఇంజను ఒంటిగ వెలుపలికి వచ్చి, పాయింటును యథాస్థితికి తెచ్చిన పిదప తన బండిని మరల కలిసికొనును. ఇట్టి దానిని ట్రెయిలింగు పాయింటు అందురు.

సైడింగు తూర్పువైపునకే, అనగా బండి పోవు దిక్కునకే తెరచియున్నచో చిక్కు వచ్చును. దీనిని ఫేసింగు పాయింటు అందురు. ఇంజను వ్యాగనును లాగుకొని లోనికి పోయినచో ముందు మూసిన కొస, వెనుక వ్యాగను; నడుమ ఇంజను బందీ యగును. బావిలో దిగి నిచ్చెనను పైకి లాగివేసినవాని గతి పట్టును!

ఇందుకు ఉపాయము లూపు లైను. రెండు కొసలును ప్రధానమార్గమునకు కలిసియుండు ప్రక్కదారియే లూపు. బండిని లూపునకు పడమట, ఇంజను నిలుచునంత ఎడము విడిచి నిలుపవలెను. ఇంజను మన వ్యాగనుతో ముందునకు వచ్చి, లూపు రెండు పాయింట్ల నడుమ ప్రధానమార్గముపై దానిని విడువవలెను. తరువాత ఒంటిగ తూర్పు పాయింటును దాటి, లూపుగుండ వెనుకకు వచ్చి, పడమటి పాయింటును దాటి, మరల ముందునకు నడచి వ్యాగనును వెనుకనుండి తాకవలెను. ఇప్పుడు వ్యాగను ఇంజనునకు ముందున్నది. దానిని నెట్టుకొనుచు పోయి సైడింగులో నిలిపి తాను క్షేమముగ వెలువడవచ్చును.

అనుభవశాలి యిచ్చట మరియొక ప్రశ్న వేసికొనును. "ఈ బండి మరల సాయంకాలము ఇదే దారిని పడమటికి వచ్చునా?" వచ్చునెడల, తిరుగుప్రయాణమున అదే పాయింటు ట్రెయిలింగు పాయింటగును, లూపు చుట్టు తిరుగు శ్రమయే యుండదు. సరకు తొందర లేనిదైనచో దానిని బండిలోనే యుంచుకొని సాయంకాలము విడుచుట మేలు. చేయదగిన పనిని చేయదగిన వేళకు నిలుపుకొనుటయు నేర్పే.

సైడింగులో ఇదివరకే ఖాళీ వ్యాగను ఒకటి సరకు దించు చోట నిలిచియున్నచో దానిని ముందుగ వెలుపలికి తెచ్చి, తరువాతనే నిండు వ్యాగనును లోనికి పంపవలెను. ఇది విననంతసేపు సులభముగ తోచును. ఆ ఖాళీ వ్యాగనును ఎచ్చట నిలుపుదమా యని వెదకునప్పుడు కష్టము తెలియును.

వ్యాగన్లను కలుపునప్పుడు వేగము పనికిరాదు. మన రైల్వేలలో షంటింగు వేగము గంటకు 15 కిలోమీటర్లు మించరాదను నియమము కలదు. హెచ్.ఓ. కొలతలో ఇది సెకనుకు 5 సెంటీమీటర్లకంటెను తక్కువ. నమూనాలో వ్యాగన్లను విడదీయుటకు పట్టాల నడుమ అయస్కాంతము నుంచువారు కలరు. దానిపై కొక్కెములను నిలిపి కొంచెము సడలించిన అవి విడివడును. సన్నని వెదురుపుల్లను కొక్కెముల నడుమ దూర్చి త్రిప్పువారును పెక్కుమంది కలరు.

సైడింగు నేర్పు పాఠము

సైడింగునకు ఒకవైపే నోరు. అందుచేత కడపట లోనికి పోయిన వ్యాగను మొదట వెలుపలికి రావలెను. మొదట పోయినది కడపట రావలెను. వంటయింటిలో ఒకదానిపై నొకటి పేర్చిన పళ్లెములవలె ననుకొనుడు. అడుగు పళ్లెము కావలెనన్న పైవానిని దించకతప్పదు. కంప్యూటరు శాస్త్రమున సమాచారమును నిలువయుంచు పద్ధతులలో సరిగా ఇట్టిదే యొకటి కలదు. దానిని వివరించుటకు డోనాల్డ్ క్నూత్ అను శాస్త్రజ్ఞుడు 1968లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథమున రైలుదారుల పటమునే వాడెను.

ఈ సంబంధము యాదృచ్ఛికము కాదేమో! అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు 1946లో విద్యార్థులు టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ అను నమూనా రైలు సంఘమును స్థాపించిరి. పాయింట్లను, విద్యుత్తును సమన్వయపరచుటకు వారు టెలిఫోను రిలేలతో పెద్ద ఏర్పాటును నిర్మించిరి. ఆ తీగెల చిక్కులను విప్పుటలో ఆరితేరిన పిల్లలు తరువాత ఆ సంస్థకు వచ్చిన తొలి కంప్యూటర్లవైపు మరలిరి. 1962లో తయారైన స్పేస్‌వార్ అను కంప్యూటరు ఆట ఈ సంఘపు సభ్యుల చేతినుండి వెలువడినదే. పిల్లలు రైలుతో ఆడుకొనుచున్నారని చింతించు తలిదండ్రులు ఈ సంగతిని గమనింతురుగాక.

అగ్గిపెట్టెలతో షంటింగు

ఇప్పుడు మనమే షంటింగు చేసి చూతము. నేలపై సుద్దముక్కతో ఒక గీత గీయుడు. దాని ఎడమకొసను మూడు దారులుగ చీల్చుడు. కుడివైపుననున్న ఒంటిగీతకు షంటింగు నెక్ అని పేరు. ఎడమవైపు దారులలో మొదటిది మూడు వ్యాగన్లు పట్టునంత పొడవు; రెండవది రెండు పట్టునంత; మూడవదియు రెండు పట్టునంత. నెక్‌లో ఇంజనును, రెండు వ్యాగన్లను మాత్రమే పట్టవలెను. ఖాళీ అగ్గిపెట్టెలు ఆరు తెచ్చి, ఒకదానిపై "ఇంజను" అనియు, తక్కినవానిపై బియ్యము, బొగ్గు, నూనె, సిమెంటు, కలప అనియు వ్రాయుడు.

ఆట ఆరంభమున మొదటి దారిలో నోటినుండి లోపలికి వరుసగ బియ్యము, బొగ్గు, నూనె యుంచుడు. రెండవ దారిలో నోటివద్ద సిమెంటు, లోపల కలప యుంచుడు. మూడవది ఖాళీ. ఇంజను నెక్‌లో నుండును. స్టేషనుమాస్టరు ఆజ్ఞ యిది: "మొదటి దారిలో కలప, బియ్యము, సిమెంటు ఈ వరుసన బండి సిద్ధము కావలెను." అనగా కలప నోటివద్ద, సిమెంటు లోపలికొసను ఉండవలెను. పెట్టెను చేతితో ఎత్తరాదు. జరుపుటయే కాని ఎగురవేయుట లేదు.

ఇక విధానము:

1. ఇంజను మొదటి దారిలోనికి పోయి బియ్యము, బొగ్గు అను రెంటిని లాగి, మూడవ దారిలో నిలుపును. ఇప్పుడు మొదటి దారిలో నూనె ఒక్కటియే మిగిలినది.

2. రెండవ దారినుండి సిమెంటును లాగును. సిమెంటుతోనే మొదటి దారిలోనికి పోయి నూనెను తాకి వెలుపలికి తెచ్చును. నెక్‌లో ఇంజను, సిమెంటు, నూనె వరుసగ నుండును.

3. రెండవ దారిలోనికి నెట్టి, కలప ప్రక్కను నూనెను విడుచును. సిమెంటు మాత్రము ఇంజనుతో మిగులును. దానిని మొదటి దారి కొసను నిలుపును.

4. మూడవ దారినుండి బియ్యమును తెచ్చి సిమెంటు ప్రక్కను చేర్చును.

5. రెండవ దారినుండి నూనెను లాగి మూడవ దారిలో బొగ్గు ప్రక్కను నిలుపును.

6. రెండవ దారినుండి కలపను తెచ్చి మొదటి దారిలో చేర్చును. బండి సిద్ధము!

ఇంజను దారులలోనికి ఎన్నిమారులు పోయెనో లెక్కింపుడు. పండ్రెండుమారులు. కాని ఇందు ఒకమారు తగ్గింపవచ్చును. అయిదవ మెట్టున నూనెను ఒంటిగ లాగక, నూనెను కలపను కలిపి లాగినచో నేమగునో చూడుడు. ఇంజను వాని నెచ్చట విడువవలెనో మీరే కనుగొనుడు. రెండవ మెట్టునందలి యుక్తినికూడ మరువకుడు: సిమెంటును ఎచ్చటను దింపకుండ చేతబట్టుకొనియే నూనెను తెచ్చితిమి. ఒక పనికి పోవుచు రెండవ పనిని ముగించుకొని వచ్చుట యనిన ఇదియే.

అయిదు వ్యాగన్లనుండి మూడింటిని ఎన్ని వరుసలలో కోరవచ్చును? 5 × 4 × 3, అనగా 60 వరుసలు. పేర్లు వ్రాసిన చీటీలను కలిపి మూడు తీసినచో ప్రతిమారు క్రొత్త సమస్య దొరకును. ఆలన్ రైట్ అను ఆంగ్లేయుడు ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అను పేర ప్రసిద్ధికి తెచ్చిన ఆట దీనికి పెద్దన్న. అందు ఎనిమిది వ్యాగన్లు. దారులు అయిదు, మూడు, మూడు వ్యాగన్లు పట్టును. నెక్‌లో ఇంజనునకును మూడు వ్యాగన్లకును చోటుండును. ఎనిమిదింటినుండి అయిదు వ్యాగన్ల బండిని కూర్పవలెను. 8 × 7 × 6 × 5 × 4 హెచ్చించి చూడుడు: 6,720 వరుసలు! దినమునకొకటి చొప్పున ఆడినను పదునెనిమిది సంవత్సరములకుగాని ముగియదు.

కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణమున జాన్ ఆలెన్ అను ఛాయాగ్రాహకుడు హెచ్.ఓ. కొలతలో నిర్మించిన గోరీ అండ్ డెఫీటెడ్ అను పర్వతమార్గము లోకప్రసిద్ధము. ఆతడు 1972లో టైంసేవర్ అను షంటింగు సమస్యను ప్రకటించెను. 1973 జనవరిలో ఆతడు కన్నుమూసెను. కొలది దినములకే అగ్నిప్రమాదమున ఆ మహానిర్మాణము నాశనమయ్యెను. అయిదు పాయింట్ల చిన్న పలకపై నిలిచిన ఆ సమస్య మాత్రము నేటికిని ఆడబడుచున్నది. కొండలు, వంతెనలు కాలిపోయినను, బుద్ధికి పెట్టిన పరీక్ష మిగిలినది.

గడియారము - కంట్రోలరు

పెద్ద నమూనాలపై పదిమంది కలిసి పనిచేయుదురు. ప్రతి బండికి డ్రైవరొకడు, చీటీలను చూచి పని నిర్ణయించు గార్డొకడు. యార్డులో వరుసలు కూర్చువాడొకడు. బండ్లన్నిటికి అనుమతి యిచ్చు కంట్రోలరొకడు. గూడ్సుబండి షంటింగులో నుండగా ప్రయాణికుల బండి వచ్చు వేళ సమీపించినచో, గూడ్సు ప్రధానమార్గమును విడిచి లూపులోనికి తొలగవలెను. అప్పుడు డ్రైవరునకు ఒక కన్ను వ్యాగనుపై, ఒక కన్ను గడియారముపై!

ఆ గడియారమును సామాన్యమైనది కాదు. హెచ్.ఓ. కొలతలో ఒక కిలోమీటరు పదకొండున్నర మీటర్లే యగును. ఎంత పెద్ద గదియైనను రెండు ఊళ్ల నడుమ దూరము కొన్ని అడుగులకు మించదు. కనుక కాలమునుకూడ కుదింతురు. ఒక గంటలో ఆరు గంటలు తిరుగునట్లు గడియారమును అమర్చినచో నాలుగు గంటలలో ఒక రాత్రింబవలు గడచును. అయినను కొక్కెము విప్పు చేతికి కాలము కుదింపబడదు గనుక, షంటింగు అధికముగనున్నచోట గడియారమును మెల్లగనే నడుపుదురు.

అసలు పట్టాలపై

ఆటలో తప్పు జరిగినచో వ్యాగను పట్టా తప్పును. మరల ఎత్తి పెట్టుదుము. అసలు పట్టాలపై అట్లు కాదు. పూర్వము అమెరికాలో బ్రేకుమనిషి రెండు వ్యాగన్ల నడుమ నిలిచి చేతితో కొక్కెమును కలుపవలసి యుండెడిది. వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు, ప్రాణములే కోలుపోయినవారు లెక్కకు మిక్కిలి. ఎలై జానీ అనునతడు 1873లో తానుగా పట్టుకొను కొక్కెమునకు పేటెంటు పొందెను. 1893లో అమెరికా ప్రభుత్వము ఇట్టి స్వయంచాలక కొక్కెములను, గాలిబ్రేకులను తప్పనిసరిచేయుచు చట్టము చేసెను. నమూనా వ్యాగన్ల కొసను మనము చూచు చిన్న కొక్కెము జానీ కొక్కెమునకు ప్రతిరూపమే.

మన దేశమునను మరలు కొక్కెములను బిగించుచు, ఎండలో వానలో, పగలు పచ్చజెండాతో రాత్రి లాంతరుతో పనిచేసిన పాయింట్స్‌మెన్, షంటర్లు ఎందరో కలరు. ఖరగ్‌పూరువంటి రైల్వే పట్టణములలో తెలుగు కుటుంబములు తరతరములుగ స్థిరపడుటకు రైలుపనియే కారణము. మన ఊళ్లలోను తాతతండ్రులు రైల్వేలో పనిచేసిన ఇండ్లు లేకపోలేదు. షంటింగు, పాయింటు, లూపు, గార్డు, బ్రేకువ్యాను అను మాటలు పుస్తకములద్వారా కాక, వారి నోటిద్వారానే మన భాషలోనికి వచ్చి, తుదిని ఉకారమును చేర్చుకొని తెలుగు మాటలవలె స్థిరపడినవి. పని చేయువాడు తెచ్చిన మాటను ఏ నిఘంటువును త్రోసివేయజాలదు.

ఆ పనియు ఇప్పుడు మారిపోయినది. 1980ల దశకమునుండి మన రైల్వేలు విడివిడి వ్యాగన్ల రవాణాను విడిచి, ఒకే సరకుతో ఒకే చోటికి పోవు పూర్తి బండ్లను నడుపు పద్ధతికి మరలినవి. పెక్కు మార్షలింగు యార్డులు మూతపడినవి. గార్డు అను పదవికి 2022లో ట్రెయిన్ మేనేజరను పేరు వచ్చినది. ఊరూర ఆగి ఒక్కొక్క వ్యాగనును విడుచుచు పోవు గూడ్సుబండిని నేటి పిల్లలు పట్టాలపై చూచుట అరుదు. ఆ విద్యను తెలిసిన పెద్దలు మీ ఇంటనో, ప్రక్క ఇంటనో ఉన్నచో, అగ్గిపెట్టెల ఆటను వారి ముందుంచుడు. ఏ వ్యాగనును ముందు లాగవలెనో వారు మీకంటె త్వరగా చెప్పుదురు. వారు చెప్పు మాటలను విని వ్రాసిపెట్టుకొనుడు. ఆ మాటలతోపాటు మన భాషలోని ఒక అధ్యాయము నిలుచును.

ముగింపు

షంటింగునందు బలముకన్న ముందుచూపు ముఖ్యము. తొందరపడి మొదటి వ్యాగనును లాగినవాడు పదిమారులు వెనుకకు వచ్చును; ఒక నిమిషము నిలిచి ఆలోచించినవాడు సరిగా పోవును. ఒక వ్యాగను ముందునకు సాగుటకు మూడు వ్యాగన్లు వెనుకకు జరుగవలసి రావచ్చును. అది నష్టము కాదు, దారి తీయుట. ఏ పెట్టెను ఎచ్చట నిలిపితిమో మరువరాదు. దారిని మూసి పోరాదు. మన పని ముగిసిన పిదప పాయింటును యథాస్థితికి తెచ్చిననే వెనుక వచ్చు బండికి క్షేమము.

విద్యార్థులారా! సుద్దముక్క, ఆరు అగ్గిపెట్టెలు చాలును. ఈ ఆదివారము ఆడి చూడుడు. అరువది సమస్యలలో అన్నిటికంటె ఎక్కువ మెట్లు పట్టునది ఏదో కనుగొన్నవారు మెట్లవారీగ వ్రాసి తరగతిలో చూపుడు. తక్కినవారు ఒక మెట్టును తగ్గింప యత్నింతురుగాక.